తూకం సరిపోయింది, సరుకు లేదు

గత సంచికలో లాకర్లు, నామినేషన్ల గురించి రాశాను. చదివినవాళ్లలో కొందరు "బాగానే ఉంది గాని, ఈసారి లెక్కలు కాకుండా ఇంకేమైనా చెప్పండి" అన్నారు. సరే, ఈసారి చేపల సంగతి చెబుతాను. కాకపోతే నేను బ్యాంకువాణ్ణి. ఎక్కడ మొదలుపెట్టినా చివరికి ఫైలు దగ్గరికే వస్తాను. ఆ ఒక్క అలవాటును మన్నించాలి.

1997లో నా ఉద్యోగం ఒడిశా తీరంలోని ఒక చిన్న ఊళ్లో. అప్పటికి ఇంకా ఒరిస్సా అనే రాసేవాళ్లం. తరతరాలుగా మన తెలుగు కుటుంబాలు స్థిరపడ్డ ఊరు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, బ్యాంకు కాగితం మీద ఇంగ్లీషు. నేను వ్యవసాయ రుణాల ఆఫీసరుని. చదివింది బి.కాం. అసలు, వడ్డీ, తరుగుదల తెలుసు. వరి ఏ నెలలో ఈనుతుందో, చేప ఏ నెలలో గుడ్లు పెడుతుందో తెలియదు. తెలియకపోయినా సంతకం పెట్టే అధికారం మాత్రం ఉండేది.

ఆ ఊరి పొలిమేరలో ఒక పెద్దాయన చేపపిల్లల హేచరీ నడిపేవాడు. రెండు చెరువులు, ఒక సిమెంటు తొట్టి, గుడ్డతో కుట్టిన కొన్ని హాపాలు. బొచ్చె, శీలావతి, మోసు పిల్లలు పుట్టించి చుట్టుపక్కల చెరువుల వాళ్లకు అమ్మేవాడు. మా బ్రాంచి నుంచి లక్షా ఎనభై వేలు అప్పు తీసుకున్నాడు. మూడు నెలలకొక వాయిదా.

ఆ ఏడు ఆయన హేచరీలో ఒక్క గుడ్డు కూడా పడలేదు. వానలు బాగానే పడ్డాయి. తల్లి చేపలు కడుపులు నిండి ఉన్నాయి. సూది మందు వేశారు, రాత్రంతా కాపలా కూర్చున్నారు. తెల్లారి చూస్తే హాపాలో నీళ్లు తప్ప ఏమీ లేవు. జూలైలో ఒకసారి, ఆగస్టులో రెండుసార్లు అంతే. సెప్టెంబరు వాయిదా తప్పింది. నేను తనిఖీకి వెళ్లాను.

"మందు పట్టలేదు బాబూ" అన్నాడు పెద్దాయన.

"కొలత సరిగ్గా వేశారా?"

"కంసాలి త్రాసులో తూచి వేశాం బాబూ. మిల్లీగ్రాము కూడా తేడా లేదు."

నేను బ్రాంచికి తిరిగొచ్చి తనిఖీ నోట్‌లో రెండు మాటలు రాశాను: "రుణగ్రహీత అజాగ్రత్త". ఆ రెండు మాటల వల్ల వాయిదా మార్చే ప్రసక్తి లేకుండా పోయింది. నోటీసు వెళ్లింది. సంక్రాంతి లోపల ఆయన తన కొబ్బరితోటలో సగం అమ్మి బాకీ వాయిదాలు కట్టాడు.

ఆ రెండు మాటలూ తప్పని నాకు మరుసటి ఏడు మాఘమాసంలో తెలిసింది. భువనేశ్వర్ దగ్గర చేపల పెంపకం మీద బ్యాంకు ఆఫీసర్లకు మూడు రోజుల శిక్షణ పెట్టారు. అక్కడ విన్నదీ, తరువాత నా అంతట నేను చదువుకున్నదీ ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను.

ముందుగా ఒక ప్రశ్న. చెరువులో ఏపుగా పెరిగి, కడుపునిండా గుడ్లున్న చేపకు సూది మందు ఎందుకు?

బొచ్చె, శీలావతి, మోసు పుట్టుకతో నది చేపలు. తొలకరి వరద పోటెత్తినప్పుడు, ఎర్రనీరు గట్లు దాటి పల్లపు పొలాల మీద పరుచుకున్నప్పుడు అవి గుడ్లు పెడతాయి. యానాంలో, గోదావరి లంకల్లో ఉన్న మనవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. పులస కోసం వాళ్లు ఎదురుచూసేది కూడా ఆ వరదతోనే కదా. సముద్రంలోంచి ఆ చేప ఏటికి ఎదురీదుకుంటూ వచ్చేది గుడ్లు పెట్టడానికే. చెరువులో వరద రాదు. చేప పెరుగుతుంది, గుడ్లు తయారవుతాయి, కాని బయటికి రావు. కాలం దాటాక ఆ గుడ్లు లోపలే కరిగిపోతాయి. అందుకని పూర్వం చేపపిల్లల కోసం నది మీదే ఆధారపడేవారు. వరదలో వలలు కట్టి పిల్లలను పట్టి కుండల్లో మోసుకుపోయేవారు. అందులో ఏది మంచి జాతో, ఏది మిగతావాటిని మింగే జాతో పెరిగితే గాని తెలిసేది కాదు.

ఈ చిక్కు విడిపోయింది ఒడిశాలోనే. కటక్‌లోని కేంద్ర ప్రభుత్వ చేపల పరిశోధన విభాగంలో పనిచేస్తున్న హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలికుంజితో కలిసి, 1957 జూలై 10న అంగుల్‌లో చెరువు చేపల చేత గుడ్లు పెట్టించాడు. ఆయన వాడిన మందు ఏ కంపెనీదీ కాదు. మరో చేప తలలోంచి తీసిన చిన్న గ్రంథి. దాని పేరు పిట్యూటరీ. మన పాఠ్యపుస్తకాల్లో పీయూష గ్రంథి అంటారు. 2001 నుంచి జూలై 10ని మన దేశంలో జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. కారణం ఈ ప్రయోగమే.

ఆ ఆలోచన అంతకు ముందు నుంచీ ఉంది. 1930లో అర్జెంటీనా శాస్త్రవేత్త బెర్నార్డో హుసే ఒక చేప పిట్యూటరీ సారాన్ని పిల్లలను కనే జాతి చేపకు ఎక్కిస్తే అది గడువుకు ముందే ఈనింది. 1934లో బ్రెజిల్‌లో ఫాన్ ఇహెరింగ్ ఇదే పద్ధతిలో నది చేపల చేత గుడ్లు పెట్టించాడు. మన బెంగళూరులో ఎల్.ఎస్. రామస్వామి, బి.ఐ. సుందరరాజ్ 1956లో మీసాల చేపల జాతిలో దీన్ని సాధించారు. కాని మన కంచాల్లోకి వచ్చే పెద్ద చేపల్లో సాధించింది అంగుల్‌లోనే. ఇవాళ చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో ముందుందంటే, కొల్లేటి చుట్టుపక్కల చెరువుల నుంచి ఐసు పెట్టెల్లో చేప బెంగాలు, అస్సాం దాకా పోతోందంటే, దాని మూలం ఆ జూలై ఉదయంలో ఉంది.

ఇక ఆ గ్రంథి సంగతి. మెదడు అడుగున, పుర్రె ఎముకలో చిన్న గుంట ఉంటుంది. అందులో కూర్చుని ఉంటుంది. మనిషిలో శనగగింజంత, బరువు సుమారు అర గ్రాము. చేపలో ఆవగింజలా ఉంటుంది, తూకం మిల్లీగ్రాముల్లో. అంత చిన్నదాని నుంచే ఎదుగుదలకు, పాలకు, గుడ్లకు, వీర్యానికి, థైరాయిడ్‌కు, ఇంకా కొన్నిటికి వేర్వేరు హార్మోన్లు వెళతాయి.

నేనైతే దీన్ని కరెన్సీ చెస్టులా అర్థం చేసుకున్నాను. చెస్టులో సొమ్ము ఉంటుంది. ఉన్నంత మాత్రాన కౌంటరులోకి రాదు. పైనుంచి ఆర్డరు రావాలి. పిట్యూటరీకి ఆర్డరు ఇచ్చేది దాని పైన ఉన్న మెదడు భాగం, హైపోథాలమస్. వరద, వాన, నీటి చల్లదనం, పగటి నిడివి, తోటి చేపల కదలిక, ఇవన్నీ అక్కడికి చేరే సమాచారం. సమాచారం సరిపోతే విడుదల చేయమని ఒక చిన్న హార్మోను కిందికి వస్తుంది. సరిపోకపోతే డోపమైన్ అనే మరొక రసాయనం ఆపు ఆర్డరులా పనిచేస్తుంది. చెరువు చేపలో జరిగేది ఇదే. చెస్టు నిండి ఉంది, కాని విడుదల ఆర్డరు లేదు, ఆపు ఆర్డరు మాత్రం ఉంది.

చౌధురి పద్ధతిలో ఈ ఆర్డరుతో పనిలేదు. మరో చేప చెస్టులోని సొమ్మును నేరుగా ఈ చేప ఒంట్లోకి ఎక్కిస్తారు. అందుకని ఆ రెండో చేప చెస్టులో సొమ్ము ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఇక్కడే వయసు, ఋతువు, ఆడా మగా అన్న తేడాలు వస్తాయి. పెద్దాయన మునిగిందీ ఇక్కడే.

ఎదగని చేప పిట్యూటరీలో గుడ్లు పెట్టించే హార్మోను నామమాత్రం. చేప ఈడుకొచ్చి, కడుపులో గుడ్లు ఎదుగుతున్న కొద్దీ గ్రంథిలో ఆ హార్మోను నిలవ పెరుగుతుంది. గుడ్లు పెట్టడానికి సిద్ధంగా ఉన్న రోజుల్లో నిలవ నిండుగా ఉంటుంది. ఒకసారి గుడ్లు పెట్టేశాక ఖాళీ అవుతుంది. అందుకని మన వైపు ఈ గ్రంథులను మే నుంచి జూలై, ఆగస్టు దాకా, పూర్తిగా ఎదిగి ఇంకా గుడ్లు పెట్టని చేపల నుంచి తీయాలని నియమం. బంగారుతీగ అనే కామన్ కార్ప్ ఏడాది పొడుగునా ఈడుకొచ్చే చేప కాబట్టి దాని గ్రంథి ఏ కాలంలోనైనా దొరుకుతుంది.

గ్రంథులు తీసేవాళ్లు కలకత్తా వంటి పెద్ద చేపల బజార్లలో ఉండేవారు. కోసిన చేప తల వెనక ఉండే రంధ్రంలోంచి మెదడును జరిపి, కింద ఉన్న గ్రంథిని చిమటాతో నలగకుండా తీసి, నీరు కలవని ఆల్కహాలులో వేస్తారు. మరునాడు ఆల్కహాలు మార్చి, ముదురు రంగు సీసాలో మూత బిగించి దాస్తారు. కావలసినప్పుడు తీసి ఆరబెట్టి, తూచి, నూరి, స్వేదనజలంలోనో పలుచని ఉప్పునీటిలోనో కలిపి, పైన తేరిన నీటిని సూదిలోకి తీసుకుంటారు.

ఆల్కహాలులో పడ్డాక అన్ని గ్రంథులూ ఒకేలా ఉంటాయి. తెల్లటి చిన్న పలుకులు. జూన్‌లో నిండు చూలాలి తలలోంచి తీసిందో, డిసెంబరులో అరకిలో పిల్ల చేప నుంచి తీసిందో చూసి చెప్పలేం. తూకంలోనూ తెలియదు. తూకం చెప్పేది గ్రంథి బరువు, అందులోని హార్మోను బరువు కాదు.

శిక్షణలో ఈ మాట విన్నప్పుడు నాకు కంసాలి త్రాసు గుర్తొచ్చింది. ఆ ఏడు పెద్దాయన ఎప్పుడూ కొనే చోట కాకుండా, ధర తక్కువని, చలికాలంలో ఒక తిరుగుడు వ్యాపారి దగ్గర సీసా కొన్నాడు. అది ఎప్పుడు తీసిన సరుకో, ఏ చేపదో ఆయన అడగలేదు. అడిగి ఉంటే ఆ వ్యాపారి నిజం చెప్పేవాడని కాదు. మిల్లీగ్రాము తేడా లేకుండా తూచి వేశాడన్నది మాత్రం అక్షరాలా నిజం. తూకం సరిపోయింది, సరుకు లేదు. నేను దానికి అజాగ్రత్త అని పేరు పెట్టాను. సీసా మీద తేదీ ఉందా అని అడగాల్సినవాళ్లలో తనిఖీకి వెళ్లిన నేనూ ఒకణ్ణి.

మందు ఎక్కించే చేపలోనూ ఆడా మగా తేడా ఉంది. ఆడ చేపకు రెండు విడతలు. మొదట కిలో బరువుకు రెండు మూడు మిల్లీగ్రాముల గ్రంథి, ఆరు గంటల తరువాత అయిదు నుంచి ఎనిమిది మిల్లీగ్రాములు. మగ చేపకు ఒకే విడత. ఆడదానికి రెండో సూది వేసేటప్పుడు రెండు మూడు మిల్లీగ్రాములు చాలు. ఎందుకంటే ఆ కాలంలో మగ చేప పొట్ట మెల్లగా నొక్కితేనే పాలలాంటి వీర్యం వస్తుంది. దానికి కొంచెం ఊతం ఇస్తే సరిపోతుంది. ఆడదానిలో గుడ్డు ఇంకా చివరి పక్వానికి రావాలి, నీరు పీల్చుకోవాలి, అండాశయం గోడ నుంచి విడివడాలి. మొదటి సూది సిద్ధం చేస్తుంది, రెండోది విడుదల చేయిస్తుంది. అన్నీ కుదిరితే రెండో సూది వేసిన నాలుగు నుంచి ఆరు గంటల్లో హాపా నిండా ముత్యాల్లాంటి గుడ్లు. శీలావతి అయితే కిలో బరువుకు రెండు లక్షలకు పైగా పెడుతుంది. వెచ్చటి నీళ్లలో పదిహేను, పద్దెనిమిది గంటల్లో పిల్లలవుతాయి.

ఈ సంగతి తెలిశాక నాకు ఇంట్లో పశువులు, పక్షులు కూడా కొత్తగా కనిపించాయి. పొదుగుడు మీదున్న కోడిని మన పల్లెల్లో చూడనివాళ్లుండరు. మేత మానేస్తుంది, చెయ్యి పెడితే పొడుస్తుంది, గుడ్లు పెట్టడం ఆపేస్తుంది. మొండిదని నీళ్లలో ముంచి లేపుతాం. దాని పిట్యూటరీ నుంచి ఆ రోజుల్లో ప్రొలాక్టిన్ అనే హార్మోను ఎక్కువగా వస్తుంది, గుడ్లు పెట్టించే హార్మోను తగ్గుతుంది. కోడి మొండితనం ఆ ఆవగింజంతదాని పని.

అదే ప్రొలాక్టిన్ క్షీరదాల్లో తల్లికి పాలు పట్టిస్తుంది. పావురాల్లో ఇంకో వింత. పిల్లలు పొదిగే వేళకు తల్లికీ తండ్రికీ ఇద్దరికీ ఈ హార్మోను పెరిగి, ఇద్దరి గొంతుసంచిలోనూ పాలలాంటి పదార్థం తయారవుతుంది. ఇద్దరూ పిల్లల నోట్లో పోస్తారు. 1930ల మొదట్లో అమెరికాలో ఆస్కార్ రిడిల్, ఆయన సహచరులు పావురం గొంతుసంచి లావెక్కడాన్ని బట్టే ఈ హార్మోనును గుర్తించి దానికి ప్రొలాక్టిన్ అని పేరు పెట్టారు. పాలు ఆడదాని వంతు అన్న నియమం పావురానికి తెలియదు.

ఎదుగుదల హార్మోను విషయంలో ఎలుకలు మరో పాఠం చెప్పాయి. మగ ఎలుకలో అది సుమారు మూడు గంటలకొకసారి ఒక్క ఉప్పెనలా వచ్చి, మధ్యలో దాదాపు ఆగిపోతుంది. ఆడ ఎలుకలో చిన్న చిన్న విడతలుగా, పూర్తిగా ఆగకుండా వస్తూ ఉంటుంది. ఒకరిది నెలజీతం, మరొకరిది రోజుకూలి అనుకోండి. చేతికొచ్చే తీరు మారితే శరీరం దాన్ని వాడుకునే తీరూ మారుతుంది. ఎదుగుదలలోనూ, కాలేయం చేసే పనుల్లోనూ ఆడ మగ ఎలుకల మధ్య కనిపించే తేడాల్లో కొన్నిటికి మూలం ఇక్కడే.

మరి ఈ తేడాలన్నీ ఆ గ్రంథిలోనే ఉన్నాయా? ఆడ గ్రంథి, మగ గ్రంథి, లేత గ్రంథి, ముసలి గ్రంథి అని వేర్వేరుగా ఉంటాయా? 1952లో జెఫ్రీ హారిస్, డోరా యాకబ్సన్ ఎలుకల మీద చేసిన పని దీనికి జవాబు చెబుతుంది. పెద్ద ఆడ ఎలుకల పిట్యూటరీ తీసేసి, మెదడు కింద అదే చోట మరో గ్రంథిని అతికించారు. అలా పెట్టింది ఈడుకు రాని ఎలుక గ్రంథి అయినా, కొత్త చోట రక్తనాళాలు అందుకున్నాక పెద్ద ఆడ ఎలుక గ్రంథిలాగే పనిచేసింది, ఋతుచక్రాలు నడిచాయి. మెదడు కింద కాక మరో చోట అతికిస్తే నడవలేదు. అంటే గ్రంథికి వయసు తెచ్చిపెట్టేది ఎక్కువగా పైనుంచి వచ్చే ఆర్డరే. చెస్టు ఎక్కడిదన్నది కాదు, ఏ ఆఫీసు కింద ఉందన్నది ముఖ్యం.

మనుషుల సంగతి కూడా ఒక మాట. ఎదుగుదల హార్మోను యౌవనంలో ఎక్కువ, గాఢనిద్రలో ఎక్కువ, వయసుతో తగ్గుతూ వస్తుంది. గర్భిణుల్లో పిట్యూటరీ గ్రంథి పెద్దదవుతుంది, పాల కోసం సిద్ధపడుతూ. ఇవి వింటే, వయసు మళ్లాక ఈ గ్రంథి అన్ని విషయాల్లోనూ నెమ్మదిస్తుందని అనిపిస్తుంది. కాని అలా కాదు. ఆడవాళ్లలో ముట్లుడిగాక, అండాశయానికి ఆదేశాలిచ్చే రెండు హార్మోన్లు తగ్గకపోగా ఎన్నో రెట్లు పెరుగుతాయి. అండాశయం నుంచి "అందింది, ఇక చాలు" అన్న జవాబు రాదు కనుక పిట్యూటరీ మళ్లీ మళ్లీ పంపుతూనే ఉంటుంది. జవాబు రాని ఉత్తరానికి రిమైండర్ల మీద రిమైండర్లు పంపే ఆఫీసులాగా.

ఈ సంగతిని ఇటలీలో ఎంత చక్కగా వాడుకున్నారో చూడండి. ఆ హార్మోన్లు మూత్రంలో బయటికి పోతాయి. పియెరో డోనిని అనే రసాయన శాస్త్రవేత్త 1940ల చివర్లో, ముట్లుడిగిన స్త్రీల మూత్రం నుంచి వాటిని శుద్ధి చేసే పద్ధతి కనిపెట్టాడు. ఎక్కువ మొత్తంలో కావలసి వచ్చినప్పుడు కాన్వెంట్లలోని వృద్ధ సన్యాసినుల నుంచి సేకరించారు. బ్రూనో లునెన్‌ఫెల్డ్ అనే వైద్యుడు ఆ మందును పిల్లలు లేని స్త్రీలకు ఇస్తే, 1962లో ఇజ్రాయెల్‌లో మొదటి బిడ్డ పుట్టింది. పిల్లల్ని కనని వృద్ధ సన్యాసినుల వల్ల ఎక్కడో ఒక తల్లి ఒడి నిండింది. చేపల దగ్గర గుడ్లు పెట్టబోయే దాని గ్రంథి కావాలి. ఇక్కడ కాన్పుల వయసు దాటినవాళ్ల దగ్గర సరుకు నిండుగా ఉంది. ఏ వయసు విలువైనదో జంతువును బట్టి, పనిని బట్టి మారుతుంది.

చేపల దగ్గరికి మళ్లీ వద్దాం. ఇవాళ చాలా హేచరీల్లో చేప తలల నుంచి గ్రంథులు తీసే పని తగ్గిపోయింది. ఓవాప్రిమ్ వంటి సిద్ధంగా దొరికే సూదిమందులు వచ్చాయి. వాటిలో పిట్యూటరీ సారం ఉండదు. హైపోథాలమస్ పంపే విడుదల ఆర్డరుకు నకలు ఒకటి, డోపమైన్ అనే ఆపు ఆర్డరును అడ్డుకునే మందు ఒకటి, రెండూ కలిపి ఉంటాయి. బయటి సొమ్ము తెచ్చి పోయడం మాని, ఆ చేప చెస్టునే తెరిపించడం. ఆడ మగ చేపలు రెండిటికీ ఒకే విడత చాలు. మగదానికి మోతాదు తక్కువ. సీసా మీద తేదీ, బ్యాచి నంబరు ఉంటాయి. అయినా ఒక నియమం మారలేదు. ఈడుకు రాని చేపకు, కాలం కాని కాలంలో, ఎంత మంచి ఆర్డరు ఇచ్చినా చెస్టులో లేనిది బయటికి రాదు.

శిక్షణ నుంచి తిరిగొచ్చిన వారంలోనే నేను ఆ హేచరీకి వెళ్లాను. నా నోట్ సంగతి పెద్దాయనకు నేనే చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. కొబ్బరితోట వైపు చూస్తాడేమో అనుకున్నాను, చూడలేదు. మజ్జిగ తెమ్మని లోపలికి కేకేశాడు. తరువాత "ఈసారి సీసా కొన్నప్పుడు మీరూ రండి బాబూ, అది ఏ నెల సరుకో ఇద్దరం అడుగుదాం" అన్నాడు.

నేను చేయగలిగింది చేశాను. పాత నోట్ కొట్టివేయడానికి వీల్లేదు. దాని కింద మరో నోట్ రాశాను, గ్రంథి సంగతి వివరంగా. మూడు నెలల వాయిదాలు తీసివేసి, ఏడాదికి ఒకటి, అదీ చేపపిల్లల అమ్మకాలు ముగిశాక పెట్టమని సిఫారసు చేశాను. ఏడాదిలో నాలుగు నెలలే ఆదాయం వచ్చే పనికి మూడు నెలలకొక వాయిదా పెట్టడం మొదటి నుంచీ మా తప్పే. పై ఆఫీసు ఒప్పుకోవడానికి అయిదు నెలలు పట్టింది. 1998 జూలైలో ఆయన హాపాలు నిండాయి. 2001లో అప్పు తీరింది. అమ్మిన తోట మాత్రం తిరిగి రాలేదు. కొన్నవాళ్లు అందులో ఇళ్లు కట్టేశారు.

మన సంఘం కుటుంబాల్లో చేపల చెరువులున్నవాళ్లు, హేచరీలున్నవాళ్లు ఒడిశాలో, తమిళనాడులో కొందరున్నారని తెలుసు. వారికి రెండు మాటలు. గ్రంథులు కొంటుంటే ఏ చేపవి, ఏ నెలలో తీసినవి అని అడిగి, ఆ సమాధానం రసీదు మీద రాయించుకోండి. ముందుగా ఒక జతకు వేసి చూసి, గుడ్లు పడ్డాకే మిగతావాటికి వేయండి. ఇక బ్యాంకుల్లో పనిచేస్తున్న మన పిల్లలకు ఒక మాట. వాయిదా తేదీ వేసే ముందు ఆ ఇంట్లోకి డబ్బు ఏ నెలలో వస్తుందో అడగండి. తనిఖీ నోట్‌లో "అజాగ్రత్త" అని రాసే ముందు ఇంకో ప్రశ్న అడగండి.

వచ్చే సంచికలో మళ్లీ లెక్కల్లోకి వద్దాం. ఉమ్మడి ఖాతాలో ఒకరు పోతే రెండోవారు ఏం చేయాలన్న సంగతి ఇద్దరు ముగ్గురు అడిగారు.